వన చికిత్సా శిబిరం – ప్రకృతి మార్గదర్శి పాత్ర

జపాను దేశంలోని నాగానో ప్రాంతంలో, కిసో లోయలో ఉన్న అగెమాత్సు పట్టణానికి ఎగువన అకసావా అనే అడవి ఉన్నది. అందులోని హినోకి వృక్షాలు చాలావరకు మూడువందల ఏళ్ల వయసు గలవి. ఒకప్పుడు ఓవారి సంస్థానాధీశుల ఏలుబడిలో ఈ చెట్టును దొంగతనంగా నరికినవారికి మరణదండన విధించేవారు. ఇరవై ఏళ్లకొకసారి పునర్నిర్మించే ఇసే దేవాలయానికి కలప ఈ లోయ నుండి పోతుంది. 1982లో జపాను అటవీ సంస్థ అధిపతిగా ఉన్న తోమోహిదే అకియామా ‘షిన్‌రిన్-యోకు’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చినప్పుడు, ఆ పేరుతో తొలి కార్యక్రమం జరిగినది ఈ అడవిలోనే. ఆ మాటకు వనస్నానమని అర్థం. ఇందులో నీటితో పని లేదు. అడవి గాలిలో, వెలుగునీడలలో, వాసనలలో కొంతసేపు మునిగి ఉండటమే స్నానం.

ఆనాటికి ఈ ఆలోచన వెనుక వైద్య పరిశోధన లేదు. ప్రజలను అడవుల వైపు మళ్లించాలనే ప్రభుత్వ సంకల్పం మాత్రమే ఉన్నది. శరీరధర్మ కొలతలు తరువాత మొదలైనవి. 1990లో యాకుషిమా ద్వీపంలోని దేవదారు జాతి అడవిలో యోషిఫుమి మియాజాకి తొలి ప్రయోగాలు చేశారు. అనంతరం ఆయన చీబా విశ్వవిద్యాలయంలోను, చింగ్ లీ నిప్పన్ వైద్య విశ్వవిద్యాలయంలోను ఈ రంగాన్ని విస్తరించారు. నేడు జపానులో ధ్రువీకరణ పొందిన వన చికిత్సా కేంద్రాలు అరవైకి పైగా ఉన్నవి. వాటిలో శిక్షణ పొందిన మార్గదర్శులు సందర్శకులను వెంటబెట్టుకొని అడవిలోకి తీసుకుపోతారు. ఈ మార్గదర్శి నిజంగా చేసే పని ఏమిటి? అడవి ఒక్కటే చాలదా? విస్తరణ రంగంలో పనిచేసేవారు ఈ ప్రశ్నను పట్టించుకోవలసిన కారణమున్నది. మార్గదర్శి వృత్తి పైకి విస్తరణ వృత్తి వలెనే కనిపిస్తుంది, కాని దాని లోపలి నడక దాదాపు వ్యతిరేకమైనది.

ముందుగా ప్రయోగాలు ఏమి కొలిచినవో చూడవలెను. 2010లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో జపానులోని 24 అడవులను ఎంచుకున్నారు. ప్రతి అడవికి 12 మంది యువకులు. మొదటి రోజు ఆరుగురు అడవికి, ఆరుగురు నగరానికి వెళ్లారు. మరునాడు తారుమారు చేశారు. ప్రతిచోట సుమారు పావుగంట నడిచి, సుమారు పావుగంట కూర్చొని పరిసరాలను చూశారు. అడవిలో ఉన్నప్పుడు లాలాజలంలోని కార్టిసాల్, నాడి వేగం, రక్తపోటు నగరంలో కంటే తక్కువగా నమోదైనవి. విశ్రాంతి వేళ పనిచేసే పారాసింపథెటిక్ నాడీ వ్యవస్థ చురుకుదనం ఎక్కువగా ఉన్నది. ప్రతి వ్యక్తి తనకు తానే కంట్రోల్ అయ్యే ఈ ప్రయోగ రూపకల్పనను క్షేత్ర ప్రయోగాలు చేసే విద్యార్థులు సులభంగా మెచ్చుకోగలరు. 24 చోట్ల పునరావృతం చేయడం చిన్న విషయం కాదు.

చింగ్ లీ బృందం మరొక మార్గాన నడిచింది. 2005లో నాగానోలోని ఈయామాకు 12 మంది టోక్యో ఉద్యోగులను మూడు పగళ్లు, రెండు రాత్రుల శిబిరానికి తీసుకుపోయి, వారి రక్తంలోని సహజ మారక కణాల చురుకుదనాన్ని కొలిచారు. వైరస్ సోకిన కణాలను, కంతి కణాలను గుర్తించి నాశనం చేసే తెల్లరక్తకణాలివి. శిబిరం తరువాత వాటి చురుకుదనం పెరిగినది. మరుసటి ఏటి ప్రయోగంలో ఈ పెరుగుదల వారం రోజులకు మించి నిలిచినట్లు తేలినది. అదే తరహాలో నగర విహారానికి వెళ్లినప్పుడు అటువంటి మార్పు కనిపించలేదు. చెట్లు విడుదల చేసే ఆవిరి గుణం గల పదార్థాలే ఇందుకు కారణమా అని తెలుసుకొనుటకు టోక్యోలోని హోటలు గదులలో హినోకి తైలాన్ని ఆవిరిగా వదిలి, అక్కడ మూడు రాత్రులు నిద్రించినవారిని కూడ పరీక్షించారు. అప్పుడు సైతం ఈ కణాల చురుకుదనం పెరిగినది, మూత్రంలో అడ్రినలిన్ తగ్గినది. ఈ పదార్థాలకు ఫైటాన్‌సైడ్లు అని పేరు పెట్టినది రష్యను శాస్త్రవేత్త బోరిస్ టోకిన్. ఆల్ఫా-పైనీన్ వంటి టెర్పీనులు వీటిలో ముఖ్యమైనవి. పన్నెండు మందిపై చేసిన ప్రయోగాలు గనుక వీటిని నిర్ధారిత సత్యాలుగా కాక బలమైన సూచనలుగా తీసుకొనుట మంచిది. పైగా, అడవిలో ఉన్నట్లు తెలిసినవారికి తెలియనట్లు చేయడం ఎవరి తరమూ కాదు. ఔషధ పరీక్షలో మాదిరి ఉత్తుత్తి మాత్ర ఇక్కడ ఇవ్వలేరు.

ఇక్కడ గమనించవలసిన విషయం వేరొకటి ఉన్నది. 24 అడవుల ప్రయోగంలో మార్గదర్శి లేరు. యువకులను కుర్చీలలో కూర్చోబెట్టి ఎదురుగా ఉన్న అడవిని చూడమన్నారు, అంతే. హోటలు గది ప్రయోగంలోనైతే అడవి కూడ లేదు. అనగా వన చికిత్సకు పేరు తెచ్చిన ఫలితాలు మార్గదర్శి ప్రమేయం లేకుండా వచ్చినవే. ఆ ఫలితాలను చూపించి మార్గదర్శికి జీతమివ్వమని అడగడం, ఎరువు వేయని మడి దిగుబడిని చూపించి ఎరువును అమ్మడం వంటిది. మార్గదర్శి అవసరాన్ని వేరుగా నిరూపించవలెను.

దానికి ముందు శిబిరంలో జరిగే పనిని దగ్గరగా చూడటం అవసరం. అమెరికాలో 2012లో ఆమోస్ క్లిఫర్డ్ నెలకొల్పిన వన చికిత్సా సంఘం అనేక దేశాలలో మార్గదర్శులకు శిక్షణ ఇస్తున్నది. ఆ పద్ధతిలో ఒక విడత నడక రెండు మూడు గంటలు పడుతుంది, కాని నడిచే దూరం ఒక కిలోమీటరు అటూ ఇటూగా ఉంటుంది. కొండ ఎక్కడం, గమ్యం చేరడం ఉండవు. మొదట మార్గదర్శి అందరినీ ఒకచోట నిలిపి ఆ స్థలం గురించి, అక్కడి ప్రమాదాల గురించి చెబుతారు. తరువాత కళ్లు మూసుకొని ఒక్కొక్క ఇంద్రియాన్ని మేల్కొలిపే అభ్యాసం: పాదాల కింద నేల ఎలా ఉన్నది, గాలి ఏ చెంపను తాకుతున్నది, అన్నిటికంటే దూరాన వినిపించే శబ్దమేది. ఆపైన మెల్లని నడక. అందులో మార్గదర్శి ఇచ్చేది ఒకే సూచన: కదులుతున్నవాటిని గమనించండి. ఇరవై నిమిషాలు మాట ఉండదు. పిమ్మట అందరూ గుండ్రంగా కూర్చొని, చెప్పదలచినవారు తాము గమనించినది చెబుతారు. ఎవరూ వ్యాఖ్యానించరు, సరిదిద్దరు. చివరిగా ఒక్కొక్కరు ఒక్కొక్క చెట్టు దగ్గర ఒంటరిగా కూర్చుంటారు. అక్కడి మొక్కలతో కాచిన తేనీటితో విడత ముగుస్తుంది.

ఈ క్రమంలో సూచనలన్నీ ఆజ్ఞలుగా కాక ఆహ్వానాలుగా ఉంటాయి. ఇష్టం లేనివారు మానుకోవచ్చు. మానుకున్నందుకు సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. స్వస్థత చేకూర్చేది అడవేనని, మనిషిని అక్కడికి చేర్చి పక్కకు తప్పుకోవడమే తమ వృత్తి అని ఈ శిక్షణ పొందినవారు భావిస్తారు. వినడానికి ఇది సులువైన పని. ఆచరణలో అడవి గురించి ఎక్కువ తెలిసినవారికే ఇది ఎక్కువ కష్టమవుతుంది. అటవీ శాస్త్రం చదివిన యువకుడు ఎదురుగా నిలిచిన చెట్టు పేరు, కుటుంబం, కలప సాంద్రత చెప్పకుండా రెండు నిమిషాలు నిలువలేడు. పేరు చెప్పిన క్షణాన వినేవారి చూపు చెట్టును వదిలి చెప్పేవాని ముఖం వైపు తిరుగుతుంది. అడవి తరగతి గది అయిపోతుంది.

ప్రకృతి మార్గదర్శి అనే వృత్తికి ఈ సందిగ్ధం పుట్టుకతోనే ఉన్నది. అమెరికాలోని కొలరాడో పర్వతాలలో ఎనోస్ మిల్స్ 20వ శతాబ్దం తొలి దశకాలలో ఈ వృత్తికి రూపమిచ్చారు. ఆయన దగ్గర శిక్షణ పొందిన బర్నెల్ సోదరీమణులు 1917లో రాకీ పర్వత జాతీయ ఉద్యానవనంలో అనుమతి పొందిన మార్గదర్శులయ్యారు. మార్గదర్శి పాఠం చెప్పే ఉపాధ్యాయుడు కాడని, ఆసక్తిని రగిలించేవాడని మిల్స్ అభిప్రాయం. 1957లో ఫ్రీమన్ టిల్డెన్ ఉద్యానవన వ్యాఖ్యాతల కోసం రాసిన గ్రంథంలోనూ సమాచారమిచ్చుట వ్యాఖ్యానం కాదనే వాదన ప్రధానమైనది. ఇద్దరూ మాటను తగ్గించమన్నారే గాని మానమనలేదు. వన చికిత్స మరొక అడుగు ముందుకు వేసి మౌనాన్నే పనిముట్టుగా చేసుకున్నది. దక్షిణ కొరియాలో ఈ తేడాను వ్యవస్థలోనే గుర్తించారు: అడవిని గురించి వివరించే వ్యాఖ్యాత ఒకరు, వన చికిత్సా బోధకులు వేరొకరు. రెండవ వర్గం వారికి రెండు శ్రేణుల ప్రభుత్వ అర్హతా పత్రాలున్నవి.

మన విస్తరణ వ్యవస్థకు ఈ తేడా కొత్తగా తోస్తుంది. శిక్షణ–సందర్శన పద్ధతి కాలం నుండి విస్తరణ అంటే పరిశోధనా స్థానంలో తయారైన సందేశాన్ని రైతు ముంగిటికి చేర్చడమనే అలవాటు బలపడినది. అయితే అంతకుముందు 1903లో టెక్సాస్ రాష్ట్రంలోని టెరెల్‌లో సీమన్ నాప్ మొదలుపెట్టిన ప్రదర్శనా క్షేత్రంలో రైతు తన పొలంలో తన చేతులతో చేసి, తన కళ్లతో చూసి నమ్మాడు. విస్తరణ అధికారి చేసిన పని ఆ అవకాశాన్ని ఏర్పాటు చేయడమే. మార్గదర్శి ఆ వంశానికి చెందినవారని చెప్పవచ్చు. తేడా ఒక్కటే: ప్రదర్శనా క్షేత్రంలో రైతు చూడవలసినది ముందే నిర్ణయమై ఉంటుంది, అడవిలో అది నిర్ణయమై ఉండదు.

మౌనంగా ఉండే మనిషి వలన ఏమి లాభమనే ప్రశ్నకు మనస్తత్వశాస్త్రంలో ఒక సమాధానమున్నది. రేచల్ కాప్లన్, స్టీఫెన్ కాప్లన్ 1989లో వివరించిన అవధాన పునరుద్ధరణ సిద్ధాంతం ప్రకారం, మనిషి పనిపై బలవంతంగా నిలిపే ధ్యాస వాడిన కొద్దీ అలసిపోతుంది. ఆకుల కదలిక, నీటి గలగల వంటివి శ్రమ లేకుండా మనసును పట్టి ఉంచుతాయి గనుక ఆ సమయంలో అలసిన ధ్యాస కోలుకుంటుంది. అయితే పట్టణవాసిని తెలియని అడవిలో ఒంటరిగా వదిలినప్పుడు ఏమి జరుగుతుంది? దారి తప్పుతానేమోనని, పొదలో ఏదో కదిలిందని, సమయమెంతైందోనని అతని ధ్యాస నిరంతరం కాపలా కాస్తూనే ఉంటుంది. కోలుకోవలసిన శక్తే ఖర్చవుతుంది. మార్గదర్శి ఆ కాపలాను తన భుజాన వేసుకుంటారు. దారి, సమయం, ప్రమాదం మూడింటినీ మరొకరు చూసుకుంటున్నారనే నమ్మకం కుదిరినప్పుడే మిగిలినవారు కళ్లు మూసుకోగలుగుతారు. మార్గదర్శి చేసే పనులలో ముఖ్యమైనది ఇదేననుటకు తగిన కారణమున్నది. అది బయటికి కనిపించదు గనుక శిక్షణ పాఠ్యాంశాలలో దానికి దక్కవలసిన చోటు దక్కడం లేదు.

ఈ కాపలా భారం అకసావాలో కంటే మన అడవులలో చాలా ఎక్కువ. నల్లమలలో గాని, తూర్పు కనుమలలో గాని జపాను పద్ధతిని ఉన్నదున్నట్లు దింపితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చాలు. కళ్లు మూసుకొని చేతికందిన ఆకును, తీగను తడిమి చూడమనడం అక్కడ సాధారణమైన ఆహ్వానం. ఇక్కడ ఆ చేతికి దూలగొండి కాయ తగిలితే ఆ రోజంతా దురదతోనే గడుస్తుంది. ఎండుటాకులలో కూర్చోమనే ముందు రక్తపింజర ఉండే చోట్లు తెలిసి ఉండాలి. పెద్ద తేనెటీగల పట్టు ఉన్న బండ కింద అత్తరు పూసుకున్న మనుషులను గంటసేపు నిలపడం ప్రాణాపాయం. వానల తరువాతి నెలలలో పొదల అంచున, గడ్డిలో కూర్చున్నవారికి సూక్ష్మమైన నల్లి పిల్లపురుగుల ద్వారా స్క్రబ్ టైఫస్ సోకవచ్చు. వారం పది రోజుల తరువాత జ్వరం వచ్చినప్పుడు దాన్ని ఆ శిబిరంతో ముడిపెట్టేవారు ఉండరు. చివరి తేనీటి విషయంలోనూ అంతే. ఏ ఆకు కాచవచ్చునో, ఏది కాచకూడదో అనుమానానికి తావు లేకుండా తెలిసినవారే ఆ కుండ పొయ్యి మీద పెట్టాలి.

అందువలన మన ప్రాంతంలో మార్గదర్శి అనే మాటకు ముందుగా గుర్తు రావలసినది అక్కడి వారే. నల్లమల పులుల అభయారణ్యంలో చెంచులు అటవీ శాఖ రక్షణ శిబిరాలలో కాపరులుగా పనిచేస్తున్నారు. మారేడుమిల్లిలో గిరిజన కుటుంబాలకు పర్యావరణ పర్యాటకం నిర్వహించిన అనుభవమున్నది. నగరంలో వారాంతపు శిక్షణ పొంది పత్రం తెచ్చుకున్నవారిని ముందు నిలిపి, అడవి తెలిసినవారిని మూటలు మోయడానికి వెనుక నడిపించడం న్యాయం కాదు, క్షేమమూ కాదు. పైన చెప్పిన కాపలా పని వారికి అలవడినదే. వారికి కొత్తగా నేర్పవలసినది గుంపును మెల్లగా నడిపించుట, ఆహ్వానాల క్రమం, ప్రథమ చికిత్స, ఎవరిని అడవిలోకి తీసుకుపోకూడదో గుర్తించుట వంటి కొన్ని విషయాలు మాత్రమే.

చివరి అంశం చికిత్స అనే మాటతో ముడిపడి ఉన్నది. ఈ మాట ప్రమాదకరమైనది. మార్గదర్శి వైద్యుడు కాడు. రక్తపోటు మాత్రలు మానవచ్చునని గాని, కంతులు తగ్గుతాయని గాని చెప్పే హక్కు ఆ వృత్తికి లేదు. తీవ్రమైన కుంగుబాటు, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారి విషయంలో నిర్ణయం వైద్యునిదే కావాలి. తెలుగు దేశానికి ఈ విషయంలో ఒక పాత అనుభవమున్నది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 20వ శతాబ్దం రెండవ దశకంలో క్షయ శానటోరియం వెలసినది. మంచి గాలి, చెట్లనీడ, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే ఆ రోజులలో క్షయకు తెలిసిన వైద్యం. మందులు వచ్చిన తరువాత 1950లలో మద్రాసులో ఒక నిర్ణాయకమైన ప్రయోగం జరిగినది. 193 మంది రోగులను యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసి, ఒక వర్గాన్ని శానటోరియంలో, మరొక వర్గాన్ని కిక్కిరిసిన వారి పేద ఇళ్లలోనే ఉంచి, ఇరువురికీ ఒకే మందులు ఏడాది పాటు ఇచ్చారు. 1959లో ఫలితాలు వెలువడినప్పుడు ఇంటివద్ద వైద్యం పొందినవారు దాదాపు శానటోరియం వారితో సమానంగా కోలుకున్నట్లు తేలినది. గాలికి, చెట్లకు, విశ్రాంతికి అందరూ ఆపాదించిన శక్తి సరైన కంట్రోల్‌తో కొలిచినప్పుడు మందు ముందు నిలువలేదు. శానటోరియం వైద్యులు మోసగాళ్లు కారు. కొలవడానికి ముందు నమ్మారు, అంతే.

దీనికి మరొక వైపూ ఉన్నది. రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన పరిశీలనలో, పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన రోగులలో కిటికీ నుండి చెట్లు కనిపించినవారు ఇటుక గోడ కనిపించినవారి కంటే త్వరగా ఇంటికి వెళ్లారు, తీవ్రమైన నొప్పి మందులు తక్కువగా వాడారు. అక్కడ శస్త్రచికిత్స మానమని ఎవరూ అనలేదు. వైద్యానికి తోడుగా నిలిచినప్పుడు ప్రకృతికి విలువ ఉన్నది.

మార్గదర్శి ప్రభావాన్ని విడిగా కొలిచిన పరిశోధనలు తక్కువ. దక్షిణ కొరియా పరిశోధకులు 2021లో విశ్వవిద్యాలయ విద్యార్థులపై చేసిన ఒక అధ్యయనం ఈ దిశలో ఉపయోగపడుతుంది. మార్గదర్శితో వెళ్లినప్పుడూ, సూచనలు చేతబట్టుకొని తమంతట తాము వెళ్లినప్పుడూ విద్యార్థుల మానసిక స్థితి మెరుగుపడినది. కాని అనుభవం ఒకటి కాదు: ఒంటరిగా వెళ్లినవారు తమను గురించి తాము ఆలోచించుకున్నారు, మార్గదర్శితో వెళ్లినవారిలో ఉల్లాసం, తోటివారితో సాన్నిహిత్యం ప్రధానమైనవి. ఇందువలన మార్గదర్శి ఉంటే ఫలితం రెట్టింపవుతుందనే ప్రచారానికి ఆధారం చిక్కదు. ఎవరికి, ఏ అవసరానికి మార్గదర్శి కావాలన్నదే అడగదగిన ప్రశ్న.

వ్యవసాయ, అటవీ కళాశాలల విద్యార్థులకు ఇది చేతికందే పరిశోధనాంశం. రెండు కారకాలు, ఒక్కొక్కదానికి రెండు స్థాయిలు: అడవి లేదా కళాశాల ఆటస్థలం, మార్గదర్శి ఉండుట లేదా లేకపోవుట. నాలుగు చర్యలను ఒకే విద్యార్థి బృందంపై యాదృచ్ఛిక క్రమంలో, చర్యకు చర్యకు మధ్య వారం వ్యవధి ఇచ్చి పరీక్షించవచ్చు. నాడి వేగం, రక్తపోటు కొలిచే పరికరాలు, ప్రామాణిక మనోస్థితి ప్రశ్నావళి చాలు. అడవి ప్రభావమెంత, మార్గదర్శి ప్రభావమెంత, రెండింటి పరస్పర చర్య ఎంత అన్నది విడివిడిగా బయటపడుతుంది. ఆటస్థలంలో మార్గదర్శితో గడిపిన గంట, అడవిలో మార్గదర్శి లేని గంటతో సమానమని తేలినా అది కూడ ప్రచురించదగిన ఫలితమే.

ఋతువును మూడవ కారకంగా చేర్చుట మేలు. హినోకి ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు. జపాను ఫలితాలలో పెద్ద భాగం అటువంటి అడవుల నుండి, సమశీతోష్ణ వాతావరణం నుండి వచ్చినవి. మన ఆకురాల్చు అడవులలో మాఘఫాల్గుణాలు దాటేసరికి టేకు మోడై నిలుస్తుంది, నేలంతా ఎండుటాకులతో నిప్పు కోసం ఎదురుచూస్తున్నట్లుంటుంది. చెట్లు విడుదల చేసే ఆవిరి పదార్థాల రకం, మోతాదు కూడ వేరుగా ఉంటాయి. ఉత్తరాఖండ్ అటవీ శాఖ పరిశోధనా విభాగం 2021లో రాణిఖేత్ వద్ద ప్రారంభించిన వన చికిత్సా కేంద్రం పైన్ చెట్ల నడుమ ఉన్నది గనుక ఆ విషయంలో జపానుకు దగ్గరది. దక్కను అడవికి దాని కొలతలు దానికే కావాలి. తెలుగు ప్రాంతంలో తొలి ప్రయోగానికి శ్రావణం నుండి కార్తికం వరకు పచ్చదనం, చల్లదనం అనుకూలమే. కాని స్క్రబ్ టైఫస్ ముప్పు పెరిగేది కూడ ఆ కాలంలోనే గనుక, నేల మీద కూర్చునే అభ్యాసాన్ని బల్లల మీదికి మార్చి, అలా మార్చినట్లు నివేదికలో నమోదు చేయవలసి ఉంటుంది.